ఒకటో తరగతి సమ్మక్కకు నుస్రత్ టీచర్‌ను వాపసు ఇప్పించుట గురించి

గౌరవనీయులైన మండల విద్యాధికారి గారి సముఖమునకు,
వరంగల్ జిల్లా, రేగులగూడెం వాస్తవ్యుడు, రిటైర్డ్ అటెండరు ఉప్పలయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి చదువుచున్న నా మనుమరాలు సమ్మక్క అను బాలికను బడి నుండి తొలగించకుండుట గురించి, మరియు ఆమెకు చదువు చెప్పుచుండిన నుస్రత్ టీచర్ గారిని డిప్యుటేషన్ నుండి వాపసు పంపుట గురించి మనవి.

సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా, నేను ఉద్యోగమున్నన్ని రోజులు వరంగల్‌లో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు కొలువు చేసినవాడను. ఆఫీసు పేరు వ్రాయను. ప్రజలు తెచ్చిన అర్జీలను ఒక బల్ల మీది నుండి ఇంకో బల్ల మీదికి మోయుట నా పని. కావున అర్జీ ఎట్లు వ్రాయవలెనో నాకు తెలియును. ఎట్లు నిద్రపోవునో అంతకంటె బాగా తెలియును. చిన్న అర్జీ ఫ్యాను గాలికి పోవును. పెద్ద అర్జీ టీ గ్లాసు కిందికి పనికివచ్చును. ఇది పెద్ద అర్జీయే. తమరు టీ తాగుచునే చదువవచ్చును, నాకు అభ్యంతరం లేదు. గ్లాసు మాత్రం కొంచెం పక్కకు పెట్టుకోగలరు.

1. బాలిక గురించి

నా బిడ్డ పేరు వినోద. అల్లుడు రాజమౌళి, జిన్నింగ్ మిల్లులో హమాలీ. వారికి ఒక్కతే సంతానం ఈ సమ్మక్క. మేడారం మొక్కు మీద పుట్టినందున ఆ పేరు. ఇంట్లో సమ్మి అందుము. ఆరేండ్లు నిండినవి గానీ చూచినవారు నాలుగే అందురు. పుట్టినప్పటి నుండియు బక్కది. కండ్లు చిన్నవి, నవ్వు పెద్దది.

తమరికి ఈ బాలిక పరిచయమే. కిందటి ఆగస్టులో తమరు మా బడి తనిఖీకి వచ్చినప్పుడు, బండి దిగీ దిగకముందే ఉరికి వచ్చి, తమరి కాళ్లను వాటేసుకొని, "మామా, మా ఇంటికి రా, కోడిని కోస్తం" అని పిలిచి, జేబులోని పెన్ను గుంజుకొన్నది ఈమెయే. కోడి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పెన్ను ఇంకా దొరకలేదు. తమరు ఆ రోజు కోపం చేయక, నవ్వి తల నిమిరినారు. ఆ నవ్వును నమ్ముకొనియే ఈ అర్జీ పెట్టుకొనుచున్నాను.

మిగతా లోకం అంత సులభంగా నవ్వదు. బడిలో వేసిన వారం నుండియే ఫిర్యాదులు మొదలైనవి. కూర్చున్న చోట కూర్చుండదు. నిన్న నేర్చిన 'అ'ను ఇయ్యాల చూపెడితే, ఎన్నడూ చూడని చుట్టాన్ని చూచినట్లు చూచును. "పుస్తకం తీసి, పేజీ తిప్పి, బొమ్మ కింద గీత గియ్యి" అని చెప్పితే పుస్తకం తీయును. తరువాత ఏమి చెప్పినారో మరిచిపోయి, ఆ పుస్తకాన్ని కిటికీలో నుంచి బయటికి వేయును. మధ్యాహ్నం అన్నాల కాడ పక్క పిల్లల గుడ్డు తినును. తిన్నవా అంటే "తినలే" అనును, మూతికి పచ్చసొన అంటుకొని ఉండగానే. కొడితే ఏడ్చును. ఏడుపు ఆగగానే మళ్లీ గుడ్డు మీదికే చేయి పోవును. గంట కొట్టితే చెవులు మూసుకొని బల్ల కిందికి దూరును. ఎవరు చేయి చాపినా పట్టుకొని వెంట నడుచును. వారు ఎరుకైనవారా కాదా అను ప్రశ్న ఆమెకు పుట్టదు.

హెడ్మాస్టర్ రాజేశ్వర్ రావు సారు మొదట అల్లరి అన్నారు. తరువాత గారాబం అన్నారు. బతుకమ్మ పండుగ దగ్గర పడేసరికి, "ఉప్పలయ్యా, మీ పిల్లకు మెదడు లేదు" అన్నారు. నా భార్య కట్టమ్మ అక్కడనే ఉన్నది. "మెదడు లేకుంటే గుడ్డు ఏడున్నదో ఎట్ల ఎరుకైతాంది సారూ?" అని అడిగినది.

2. దవాఖాన గురించి

"ఇది అల్లరి కాదు తాతా. అదే పనిగ చేస్తలేదు పాప. ఒకపారి వరంగల్ల చూపియ్యిండ్రి" అని మొట్టమొదట అన్నది ఒకటో తరగతి చెప్పే నుస్రత్ టీచర్. ఆమె మాట మీద నేను, కట్టమ్మ, వినోద, సమ్మి నలుగురమూ బస్సెక్కినాము.

దవాఖానలో పిల్లల డాక్టరమ్మ సమ్మితో చెక్క ముక్కలు పేర్పించినది. తల కొలిచినది. పై పెదవిని, కండ్లను వెలుతురులో చాలాసేపు చూచినది. సమ్మి ఈలోపల ఆమె మెడలోని గొట్టం తీసి తన చెవులకు పెట్టుకొని, కట్టమ్మ మోకాలికి గుండె ఉన్నదేమోనని వెతుకుచున్నది. డాక్టరమ్మ నిమ్మళంగా అడిగినది:

"వినోదా, ఈ పాప కడుపులో ఉన్నప్పుడు నువ్వు మందు గానీ, కల్లు గానీ తాగినవా?"

వినోద తల్లి ముఖం చూచినది. కట్టమ్మయే జవాబు చెప్పినది. "మందు ముట్టదు డాక్టరమ్మా. కల్లు తాగింది. కల్లు మందు కాదు గదా."

డాక్టరమ్మ కలం కింద పెట్టినది. "కల్లు కూడా మందే అవ్వా. తల్లి తాగింది పేగు పట్టుకొని బిడ్డకు పోతది. అప్పుడే మెదడు తయారైతా ఉంటది, దానికి దెబ్బ తగులుతది. ఇంత తాగితే ఫరవాలేదు అని ఎవరూ చెప్పలేరు. అసలే తాగొద్దు."

ఈ జబ్బుకు ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ అని పేరట. నెక్కొండ స్టేషన్‌లో ఆగకుండా పోయే గూడ్సు బండి వలె, ఎన్ని డబ్బాలు పోయినా ఇంకా మిగిలియే ఉండును. నేను ఆ పేరును చీటీ మీద వ్రాయించుకొన్నాను. వినోద ఒక్క మాటే అడిగినది. "నయమైతదా?"

"మాత్రలతో నయం కాదు. కానీ మెదడు లేదు అన్నది అబద్ధం. ఆమె మెదడు వేరే తీరుగ పని చేస్తది. మన తొవ్వల ఆమెను గుంజితే ఏడుస్తది. ఆమె తొవ్వల మనం పోతే నేర్చుకుంటది. ఒక్కసారికి ఒక్కటే చెప్పాలె. చెప్పిందే మళ్లా మళ్లా చెప్పాలె. యాష్టకు రావద్దు, విసుక్కోవద్దు."

ఆ చీటీ పట్టుకొని, ప్రత్యేక అవసరాల పిల్లలకు ఇచ్చు సర్టిఫికెట్ కోసం నేను ఒక ఆఫీసుకు పోయినాను. కంప్యూటర్ ముందరి యువకుడు పేర్లన్నీ పైకి కిందికి జరిపి చూచి, "పెద్దాయనా, ఈ పేరు ఇందులో లేదు. ఇంకేదన్న జబ్బు ఉంటే చెప్పుండ్రి, దాంట్ల వేస్త" అన్నాడు. పాపం మంచివాడే, సాయం చేయవలెనని ఉన్నది. ఉన్న జబ్బు చాలునని చెప్పి వచ్చినాను.

దవాఖాన నుండి వాపసు వచ్చునప్పుడు బస్సులో వినోద బిడ్డ పక్కన కూర్చున్నది. సమ్మి కిటికీ కాడ కూర్చొని, తొవ్వ పొడుగునా కనపడ్డ ప్రతి మనిషికీ చేయి ఊపినది. "అవ్వా, నువ్వు గూడ ఊపు" అని తల్లితో అన్నది. వినోద ఊపినది. ఊపుకుంటనే ఏడ్చినది. అర్జీలలో ఇటువంటివి వ్రాయరాదని నాకు తెలుసు. తమరు ఈ వాక్యాలు వదిలి చదువుకొనగలరు.

3. కల్లు గురించి, తల్లిదండ్రుల సమావేశం గురించి

కడుపుతో ఉన్న మనిషి కల్లు ఎందుకు తాగెనని తమరికి సందేహం రావచ్చును. అయ్యా, మా దిక్కు ఎందుకు తాగలేదని అడుగుదురు. వినోద నెలలు నిండువరకు మిరప చేనుకు కూలికి పోయినది. నడుము నొప్పి అంటే కల్లు, నిద్ర పట్టలేదంటే కల్లు. శ్రీమంతం నాడు గాజులు వేసినవారు, బొట్టు పెట్టినవారు, అందరూ "సల్లదనం బిడ్డా, తాగు, పిల్ల తెల్లగ పుడుతది" అన్నవారే. ఆ రోజు వద్దన్నవారి పేరు వ్రాయుమంటే, ఈ అర్జీలో అంత జాగా ఖాళీగా వదలవలసి వచ్చును.

దవాఖాన చీటీని నేను కవరులో పెట్టి, అంటించి, హెడ్మాస్టర్ గారికి ఇచ్చినాను. అటెండరు బుద్ధి. కవరు అంటించితే లోపలిది గుట్టుగా ఉండునని అనుకొంటిని. తరువాత వచ్చిన తల్లిదండ్రుల సమావేశంలో సారు ఆ కవరు చింపి, నిలబడి చదివినారు. పిల్లలకు చదువు ఎందుకు వచ్చుటలేదని ఎవరో నిలదీసినందున, తన బడిని కాపాడుకొనుటకే చదివినారని నా నమ్మకం. చెడ్డవారు కాదు. జూన్‌లో సమ్మికి పలక కొనిచ్చినది ఆయనే. అయినను ఆయన అన్న మాట ఇది: "ఈ పాపకు చదువు రాకపోవుటకు బడి కారణం కాదు. తల్లి తాగుడు కారణం."

వినోద ఆడవాళ్ల మధ్యన ఒడిలో బిడ్డను పెట్టుకొని కూర్చొని ఉన్నది. కొంగు ముఖం మీదికి లాగుకొన్నది. సమ్మి ఆట అనుకొని ఆ కొంగు కిందికి దూరి "బూ" అన్నది.

అప్పుడు కట్టమ్మ లేచినది. ఆమె లేచిన తరువాత కూర్చుండబెట్టుట నా వల్ల ఎప్పుడూ కాలేదు.

"సారూ, నా బిడ్డ ఆ కల్లు దొంగతనంగ తాగలే. నేను పోసిన. నా చేతులతోని పోసిన. ఇగో, ఈ మల్లక్క ముంత అందిచ్చింది. ఆడ కూసున్నోళ్లంత తాగు తాగుమన్నరు. మీరు గూడ పండుగకు మా ఊరి కల్లు డబ్బ నిండ పట్టుకపోతిరి గద."

డబ్బా మాట వినగానే అందరూ నవ్వినారు. కట్టమ్మ నవ్వలేదు.

"మాకు తెల్వదు సారూ. తెలిసుంటే బిడ్డకు ఇసం పోస్తమా? మీరు సదువుకున్నోళ్లు. మీకు తెలిసుంటే మీరన్న ఒక మాట చెప్పకపోదురా? ఎవ్వలకు తెల్వని తప్పుకు ఒక్కదాన్నే నిలవెడ్తాండ్రు. తిడితే అందర్ని తిట్టుండ్రి. మొదలు నన్ను తిట్టుండ్రి."

నవ్వులు ఆగిపోయినవి. మల్లక్క తల దించుకొన్నది. సారు ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకొని, మరుగుదొడ్ల శుభ్రత అను తరువాతి అంశంలోకి పోయినారు.

ఆనాటి నుండి వినోద ఇల్లు కదలలేదు. కూలికి పోలేదు, బోరు కాడికి నీళ్లకు కూడా పోలేదు. అల్లుడు రాజమౌళి వచ్చి, "నా బిడ్డను ఖరాబు జేసినవు" అని వాకిట్లో నిలబడి కేకలు పెట్టినాడు. ఆ మాట అనుటకు కూడా ఆయన తాగియే వచ్చినాడు.

4. నుస్రత్ టీచర్ గురించి

ఒక ఆదివారం నుస్రత్ టీచర్ బురఖా అంచున దుమ్ము దులుపుకొనుచు మా ఇంటికి వచ్చినది. వినోద గోడ వైపు తిరిగి పండుకొని ఉన్నది. టీచర్ మంచం మీద కూర్చున్నది.

"వినోదా, జర ఇటు చూడు. నాకు ఈ జబ్బు గురించి తెల్వది. నీకు తెల్వది. ఇద్దరం కలిసి నేర్చుకుందం."

"నా మొకం ఎవలకు సూపియ్యాలె టీచర్? నేనే గద జేసింది."

"నీ తప్పెంత, నీ అవ్వ తప్పెంత అని మనం పంచుకుంట కూసుంటే సమ్మికి 'అ' ఎవరు నేర్పాలె? రేపు బడికి రా. నా పక్కన కూసో. నేను ఎట్ల చెప్తానో చూసి పొద్దుమూకి ఇంట్ల గట్లనే చెప్పు."

మరునాడు వినోద పోలేదు. ఆ మరునాడు పోయినది.

అయ్యా, తరువాత జరిగినది ఏ ట్రైనింగులోనూ చెప్పనిది కాకపోవచ్చును, కానీ నేను కండ్లారా చూచినది. టీచర్ సమ్మిని కిటికీకి దూరంగా, గోడ పక్కన, ప్రతిరోజూ అదే చోట కూర్చుండబెట్టినది. "పుస్తకం తియ్యి" అని ఆగును. తీసినాక "పేజీ తిప్పు" అని మళ్లీ ఆగును. బడి సంచి, ప్రార్థన, అక్షరాలు, అన్నం, ఆట అని వరుసగా బొమ్మలు గీసి గోడకు అంటించినది. ఏది అయిపోతే దాని మీద సమ్మి వేలు పెట్టి "అయిపాయె" అనును. గంట కొట్టుటకు ముందే "సమ్మీ, ఇప్పుడు గంట మోగుతది" అని చెవిలో చెప్పును. అన్నాల కాడ ఎవరి గుడ్డు వారి ముందే అని చెప్పి చెప్పి, చెప్పి చెప్పి, ఒకనాడు సమ్మి పక్క పిల్ల గుడ్డు వైపు చూచి, చేయి చాపి, మళ్లీ చేయి వెనుకకు తీసికొన్నది. టీచర్ ఆ సంగతిని, ఎవరో కలెక్టరు అయినట్లుగా, ఫోను చేసి మాకు చెప్పినది.

తప్పిపోతదని భయపడి వినోద చేత అన్ని చొక్కాల లోపలి వైపు గుడ్డ ముక్క కుట్టించినది కూడా టీచరే. దాని మీద పిల్ల పేరు, నా ఫోను నంబరు ఉన్నవి.

సంక్రాంతి సెలవులకు ముందర సమ్మి 'స' వ్రాయుట నేర్చినది. నేర్చి, బొగ్గు ముక్కతో గోడల మీద, కోళ్ల గంప మీద, ఆరేసిన నా పంచె మీద వ్రాసినది. పంచె మీది 'స' ఉతికితే పోలేదు. గట్టిగా ఉతుకుమని నేను చెప్పనూ లేదు. వినోద బోరు కాడికి నీళ్లకు పోవుట మొదలుపెట్టినది.

5. డిప్యుటేషన్ గురించి, రైలు గురించి

జనవరి ఆఖరులో నుస్రత్ టీచర్‌కు ఉత్తర్వులు వచ్చినవి. ఇంకో ఊరిలో పిల్లలు ఎక్కువ, పంతుళ్లు తక్కువ. ఇక్కడ పిల్లలు తక్కువ, పంతుళ్లు ఇద్దరు. కావున సర్దుబాటు. లెక్క సరిగానే ఉన్నది, తప్పు పట్టుట లేదు. ఆ లెక్కలో సమ్మిని ఒకటి అని వేసినారు. మా ఇంటికి వచ్చి ఒక పూట ఉంటే తమరికే తెలియును, సమ్మి ఒకటి కాదు.

టీచర్ పోయిన తరువాత రాజేశ్వర్ రావు సారు ఒక్కరే ఐదు తరగతులు చూచుచున్నారు. గోడ మీది బొమ్మలు ఉన్నవి గానీ, వాటి మీద వేలు పెట్టించు మనిషి లేదు. గంట చెప్పకుండ మోగును. సమ్మి గేటు కాడికి పోయి, టీచర్ వచ్చు తొవ్వ చూచుకొనుచు నిలబడును.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పెండ్లి జనం ఆటోలు మా బడి ముందర నీళ్లకు ఆగినవి. పెండ్లి అయిపోయి, రిసెప్షన్‌కు వరంగల్ పోవుచున్నారు. ఆటోలో నుంచి ఒక ముసలమ్మ తన మనుమరాలిని ఎక్కించుకొనుటకు చేయి చాపినది. ఆ చేయిని సమ్మి పట్టుకొన్నది.

నెక్కొండ స్టేషన్‌లో అందరూ వరంగల్ ప్యాసింజర్ ఎక్కినారు. ఆడపెండ్లివారు ఈ పిల్ల మగపెండ్లివారిది అనుకొన్నారు. మగపెండ్లివారు ఆడపెండ్లివారిది అనుకొన్నారు. సమ్మి అందరి లడ్డూలు తిని, పెండ్లికొడుకు ఒడిలో కూర్చొని పోయినదట. వరంగల్‌లో దిగినాక ఎవరి ఆటోలు వారు ఎక్కినారు. పిల్ల ప్లాట్‌ఫారం మీద మిగిలినది.

ఇక్కడ మేము బావులు చూచుచున్నాము.

ఊరు ఊరంతా వెతికినది. వినోద పత్తి చేన్లలో పడి ఉరుకుచు పిలిచిన పిలుపు నేను వ్రాయలేను. రాజేశ్వర్ రావు సారు ప్యాంటు, బూట్లతోనే కాలువలో దిగి, ఛాతీ లోతు నీళ్లలో చేతులతో దేవులాడినారు. అల్లుడు రాజమౌళి మిల్లు నుండి ఉరికి వచ్చినాడు. ఆ రోజు తాగి లేడు.

నా ఫోను మోగినది.

"హలో, తాతా. సమ్మక్క మీ పిల్లనేనా? నేను అమ్జద్. వరంగల్ స్టేషన్ల సమోసలు అమ్ముత. ఫికర్ చెయ్యకుండ్రి, నా కాడనే ఉన్నది. చొక్క లోపట నంబర్ సూసి చేస్తాన. జర జల్ది రాండ్రి. పాప తింటాంటె సమోసలు ఒడుస్తానయ్. నన్ను గూడ తాత అంటాంది, నాకింక పెండ్లే కాలే."

మేము పోయేసరికి సమ్మి అమ్జద్ బుట్ట పక్కన కూర్చొని, వచ్చిపోయేవారికి చేయి ఊపుచున్నది. తల్లిని చూడగానే "అవ్వా, రైలు!" అన్నది. భయం లేదు, ఏడుపు లేదు. ఏడ్చినది మేమే. అమ్జద్ కుర్రవాడు, వినోదతో మెల్లగా అన్నాడు: "అక్కా, ఇయ్యాల నా కంట పడ్డది. ఎవలు పిలిచినా పోతాంది. ఈడ అందరు మంచోళ్లు ఉండరు, జర పైలం."

మరునాడు హెడ్మాస్టర్ గారు నన్ను పిలిపించినారు. ఆయన బూట్లు ఇంకా ఎండలేదు, చెప్పులతో వచ్చినారు.

"ఉప్పలయ్యా, పిల్లను తీసుకపో. హన్మకొండల ప్రత్యేక పిల్లల బడులుంటయట, చూసుకో. నిన్న నేను కాలువల దిగిన. నాకు ఈత రాదు. ఐదు తరగతులు పెట్టుకొని ఈ పిల్ల మీద కన్ను పెట్టుట నాతోని కాదు. రేపు దొరక్కపోతే నేను బతుకుత అనుకున్నవా?"

తరిమివేయుచున్న మనిషి మీద కోపం వచ్చుటకు బదులు జాలి వచ్చుట, నా సర్వీసులో అదే మొదలు.

6. విన్నపములు

కావున తమరిని వేడుకొనునది:

అ) సమ్మక్క పేరును బడి నుండి తీయకుండునట్లు హెడ్మాస్టర్ గారికి ధైర్యం చెప్పవలెను. ఉత్తర్వు అక్కరలేదు. ఉత్తర్వు ఆయన దగ్గర చాలా ఉన్నవి.

ఆ) నుస్రత్ టీచర్‌ను వాపసు పంపవలెను. పూర్తిగా కుదరకపోతే వారంలో కొన్ని రోజులైనా పంపవలెను. ఆ ఊరి పిల్లల నోటి కాడి ముద్ద గుంజుకొనుట మా ఉద్దేశం కాదు. ఆ బడికి ఇంకొకరిని ఇచ్చి అయినా మాకు ఈమెను ఇవ్వగలరు.

ఇ) ఏ పిల్ల దవాఖాన చీటీని అయినా సమావేశంలో పైకి చదువరాదని అన్ని బళ్లకు తెలుపవలెను.

ఈ) ఇటువంటి పిల్ల ఈమె ఒక్కతే అనుకొనుట లేదు. "మెదడు లేదు" అనిపించుకొని వెనుక బెంచీలో కూర్చున్నవారు ప్రతి ఊరిలో ఉండవచ్చును. వారిని ఎట్లు గుర్తుపట్టవలెనో, ఎట్లు చెప్పవలెనో పంతుళ్లకు ఒకసారి చెప్పించవలెను. తమరి ఆఫీసులో ట్రైనింగులు తరచుగా జరుగునని, భోజనాలు కూడా బాగుండునని విన్నాను.

ఇంతవరకు వ్రాసిన ఈ అర్జీని నిన్న సాయంత్రం హెడ్మాస్టర్ గారికి చూపించినాను. ఆయన మీద ఆయనకు తెలియకుండ వ్రాయుట మర్యాద కాదు. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని మొదటి నుండి చదివినారు. ముందు నా అక్షరదోషాలు దిద్దినారు. సమావేశం సంగతి కాడికి వచ్చి కలం కింద పెట్టినారు.

"ఈ ముక్క తీసెయ్యవా, ఉప్పలయ్యా?"

"తియ్యను సార్."

ఆయన కిటికీ బయటికి చూచినారు. "సరే. ఉండనియ్యి. చదివింది నేనే గదా." తరువాత కలం తీసి, కింద సాక్షి సంతకం పెట్టినారు. "నా మీది ఫిర్యాదుకు నేనే సాక్షి. మీ ఊళ్ల ఏమన్న న్యాయమున్నదా?" అని నవ్వినారు. ఈ పొద్దున సారే మా వాకిట్లోకి వచ్చి, వినోదతో "అమ్మా, ఆ రోజు నేను అట్ల చదువొద్దుండె" అని చెప్పి, చాయ తాగకుండనే పోయినారు. ఆయన పోయినాక వినోద ఆ చాయ గ్లాసు పట్టుకొని వాకిట్లోనే నిలబడ్డది.

ఈ పొడుగు మనవిని ఓపికతో చిత్తగించి, మా పిల్లకు ఆమె టీచరమ్మను ఇప్పించి, మా ఊరికి మేలు చేయవలెను.

తమ విధేయుడు,
ఉప్పలయ్య,
రిటైర్డ్ అటెండరు, రేగులగూడెం.

సాక్షి: రాజేశ్వర్ రావు, ప్రధానోపాధ్యాయుడు.
కట్టమ్మ వేలిముద్ర. (సంతకం వచ్చును. కోపంగా ఉన్నందున వేలిముద్ర వేసినది.)

తా.క.

సార్, నేను వినోదను. నాయిన అర్జీ ఆరబెట్టి పండుకున్నడు, అడుగున జాగ ఉంటే రాస్తాన. తప్పులుంటే ఏమనుకోకుండ్రి, నేను ఏడు దాక చదివిన.

నాయిన మంచిగ రాసిండు గని నాకు కావల్సింది రాయలే. మా అంగన్వాడీకి కడుపుతోని ఉన్నోళ్లు గుడ్లకు, పాలకు అస్తరు. ఆడ నన్ను ఒకపారి మాట్లాడనియ్యుమని చెప్పుండ్రి. అంగన్వాడీ మీ కింద లేదంట. ఎవల కింద ఉంటే వాళ్లకు చెప్పుండ్రి. బోర్డు మీద రాస్తె ఎవలు చదువుతరు సార్. నేను సమ్మిని సంకల ఎత్తుకొని నిలవడి చెప్త. నవ్వితే నవ్వనియ్యి.

మొన్నటి సంది నేను మల్ల మిరప చేనుకు పోతాన. నిన్న మాతోని కొత్తగ అచ్చిన పిల్ల ఉన్నది, ఐదో నెల. ఎండకు కూసున్నం. ఎవలో సీసల కల్లు తెచ్చిండ్రు, అందరికి పోసినట్టే ఆమెకు గూడ పోసిండ్రు. లేసి పోయి గిలాస పట్టుకున్న. "తాగకు చెల్లె" అన్న. "చెప్పేదానివి నువ్వా?" అన్నది పక్కనామె. అందరు నా దిక్కే చూస్తాండ్రు. "నేనే చెప్పాలె" అన్న. మల్ల ఏం చెప్పిన్నో నాకే యాదికి లేదు సార్, సమ్మి సంగతి అంత చెప్పిన, ఏడ్చుకుంటనే చెప్పిన.

ఆ పిల్ల గిలాస కింద పెట్టింది. నా డబ్బల నీళ్లు అడిగి తాగింది.